ఎమ్ నుంచి జెడ్ దాకా వచ్చిన ఇంగ్లీషు

సీతాఫల్‌మండిలో జకర్యా ఇంట్లో కృతజ్ఞత కూడిక అంటే ఇరుగుపొరుగు వాళ్లు ఇంత తినే వస్తారు. ప్రార్థనకూ పాటలకూ పట్టే సమయానికి ఎవరూ భయపడరు, ఇంటాయన సాక్ష్యానికి పట్టే సమయానికే భయం. దేవుడు చేసిన మేలు నలుగురిలో లేచి చెప్పడం సాక్ష్యం. వినేవాళ్లు మధ్యమధ్య "స్తోత్రం" అనడం మర్యాద. పోలీస్ యాక్షన్ జరిగి ఏడాది తిరిగిన ఆ సాయంత్రం వరండాలో చాపలు పరిచారు. పాస్టరు జీవరాజు అయ్యగారు కుర్చీలో కూర్చున్నారు, గోడకు ఆనుకుని రోసమ్మ పెద్దమ్మ, మెట్టు మీద పక్కింటి దర్జీ భద్రయ్య, అతని భార్య ఎల్లమ్మ. జకర్యా భార్య ప్రేమమణి టీ గిన్నె పొయ్యి మీద పెట్టి, జల్దీ ముగించమని మొగుడికి మూడోసారి చెప్పి వచ్చి చాప చివర కూర్చుంది. రైల్వే పార్శిల్ ఆఫీసులో గుమాస్తా అయిన జకర్యా కోటు గుండీలన్నీ పెట్టుకుని లేచాడు.

"అందరికి వందనాలు. నేను ఎక్కువ చెప్ప. చిన్న మేలు, చిన్న సాక్ష్యం. దేవుడు నాకు ఇంగ్లీషుల ఒక్క మంచి మాట ఇచ్చిండు, ఆ మాటతోని ఒక మనిషి బతికిండు. గంతే. ఇగ కూసుందామనే అనుకుంటున్న. కని ఆ మాట నాకెట్ల దొరికిందో చెప్పకుంటె దేవునికి మహిమ సగమే అందుతది గదా, అయ్యగారూ?"

అయ్యగారు తల ఊపారు. ఆయన ఊపింది కూర్చోమని. జకర్యా దాన్ని ఇంకోలా తీసుకున్నాడు.

"తెల్లోళ్ల పటాలాలు లష్కర్ ఇడిచి పోయేటప్పుడు రెజిమెంటల్ బజార్ల సామాను కుప్పలు పోసి అమ్మిన్రు, యాదికున్నదా? కుర్చీలు, లాంతర్లు, కుక్కల మెడపట్టీలు, ఏది పడితె అది. అండ్ల నాకొక డిక్షనరీ దొరికింది, ఇటుకంత మందం. కని ముందు సగం చెదలు తిన్నయి. ఏ నుంచి ఎల్ దాంక సఫా. ఎమ్ నుంచి జెడ్ దాంక పెండ్లిపిల్ల లెక్క ఉన్నది. అందుకే నా ఇంగ్లీషు గిట్లుంటది. ఏ నుంచి ఎల్ దాంక మీ అసుంటోళ్ల ఇంగ్లీషే, కమ్, గో, గుడ్. ఎమ్ షురూ అయితె ఇగ లాట్‌సాబుకు సుత అందది.

"రోజుకొక మాట. పొద్దుగాల, టీ తాగకముందు. మాట నోటికి పట్టేదాంక గ్లాసు ముట్ట. పట్టినంక ఆ దినం దాన్ని ఎవరి మీదనన్న వాడాలె, లేకుంటె పాలు ఇరిగినట్టు ఇరిగిపోతది. ఒకనాడు మా పాలామెతోని, నీ పాలు పెల్యూసిడ్ ఉన్నయమ్మా అన్న. పెల్యూసిడ్ అంటె అవతలి దిక్కు కనవడేటంత తేట. ఆమె మెచ్చుకున్న అనుకొని ఇంకో గరిటె పోసింది. ఇంకొకనాడు ప్రేమమణిని పుల్క్రిట్యూడ్ అన్న. అంటె సౌందర్యం. దినమంత నాతోని మాట్లాడలె."

"గా మాట ఇంటె ఎవలైన రోగమనే అనుకుంటరు" అంది ప్రేమమణి.

"రోసమ్మ పెద్దమ్మను సుత ఒకనాడు క్విడ్‌నంక్ అన్న."

"అంటె ఏందిరా?" అంది రోసమ్మ, కొంగు సర్దుకుని కొంచెం ముందుకు జరిగి.

"ఊరి ముచ్చట్లు అందరికంటె ముందుగాల తెలుసుకునేటామె."

రోసమ్మ ఆలోచించి, అందులో తప్పేముందని వెనక్కి ఆనుకుంది.

"ఇగ అసలు ముచ్చటకొస్తున్న. నిరుడు గీ దినాలే. పైన విమానాలు, కింద పుకార్లు. దుకాణాలు బంద్. రజాకార్లు పరారు. ఫౌజు బోయిన్‌పల్లి సడక్ మీదికెల్లి వస్తున్నదని తెలిసి జనం పూలు పట్టుకొని ఉరికిన్రు. మా భద్రయ్య సుత బంతిపూల దండ పట్టుకొని ఉరికిండు. ఉరికితె ఉరికిండు, ఏం తొడుక్కొని ఉరికిండు? దర్జీలకు ఒక అలవాటుంటది, మీకు ఎరికే. కుట్టిచ్చుకున్నోడు రాక బట్టలు కొక్కానికి యాలాడుతుంటె, అవ్వి కొన్ని దినాలకు దర్జీ ఒంటి మీదికెక్కి గాలి పోసుకుంటయి. ఆ దినం వానకు ఇతని అంగీ తడిసింది. కొక్కానికి కొత్త ఖాకీ అంగీ ఉండె. తొడుక్కున్నడు. అది ఎవనిది? పరారైన రజాకారుది. భుజాల మీద పట్టీలతోని సహా."

"గుడ్డ మటుకు మంచిది" అన్నాడు మెట్టు మీంచి భద్రయ్య, ఆ గుడ్డను ఎవరూ తప్పుపట్టకూడదన్నట్టు.

"ఫౌజోళ్ల మెడల దండ వేద్దామని పోయినోని చేతులకు తాడు కట్టిన్రు. బోయిన్‌పల్లి కాడ ఒక గోదాముల పెట్టి తాళమేసిన్రు. గా దినాలల్ల గట్ల పోయినోళ్లందరు తిరిగి రాలె. అది మీకు ఎరికే, నాకు ఎరికే. గప్పుడు ఎల్లమ్మ మా గుమ్మం కాడికొచ్చి కూలవడ్డది. అన్నా, నీకు ఇంగ్లీషొస్తది గదా, ఆ మిల్ట్రీ దొరకు ఒక్క మాట చెప్పు అన్నది. బస్తీల ఇంతమంది ఉండంగ నా తానికొచ్చింది. ఎమ్ నుంచి జెడ్ దాంక దేవుడు నాకు ఎందుకు నేర్పిచ్చిండో ఆ దినం నాకు సమజైంది."

వరండా అంతా "స్తోత్రం" అంది. ఆ ఒక్క మాటతో జకర్యాకు ఎక్కడలేని బలం వచ్చింది.

"కోటు వేసుకొని ఎల్లిన. కర్ఫ్యూ. సడక్ మీద పిట్ట లేదు. గోదాము కాడ సంత్రీ తుపాకి అడ్డం పెట్టి కౌన్ హై అన్నడు. ఉర్దూల జవాబు చెప్పొచ్చు, మనం పాలు తాగిందే ఉర్దూల. కని ఆ దినం ఉర్దూ మాట్లాడినోన్ని ఏమనుకుంటరో ఎవనికెర్క? అందుకే ఒక్క మాట అన్న. మ్యాగ్నానిమస్. అంటె పెద్ద మనసున్నోడా అని. ఆ తర్వాత ఏమైందో ఎర్కేనా? సంత్రీ తుపాకి గోడకు ఆనిచ్చి సెల్యూట్ కొట్టిండు."

"ఒక్క మాటకే?" అంది రోసమ్మ.

"ఒక్కటే గని ఎంత పొడుగున్నది చూడు పెద్దమ్మా. సంత్రీ ఉరికిపోయి హవల్దారును తోలుకొచ్చిండు. హవల్దారును పర్స్పికేషియస్ అన్న, లోతు చూసేటోడా అని. వాడు కెప్టెన్‌ను తోలుకొచ్చిండు. కెప్టెన్‌ను ఏమన్ననో ఇప్పుడు చెప్పను, పిల్లలున్నరు, నోరు తిరగక నాలుక కొరుక్కుంటరు. ఆఖరుకు మేజరే వచ్చిండు. మీసం గీ చెవి నుంచి గా చెవి దాంక. నాకు కుర్చీ వేపిచ్చి తను నిలవడ్డడు. మీరు ఆక్స్‌ఫర్డా, కేంబ్రిడ్జా అని అడిగిండు. సీతాఫల్‌మండి అన్న."

స్తోత్రాలు వచ్చాయి గానీ ఈసారి కొంచెం పలచగా వచ్చాయి.

"మేజరు అన్నడు, మీరు ఇంత పెద్దమనిషి, మీ మాట తీసెయ్య, కని ఇతని ఒంటి మీద రజాకారు అంగీ ఉన్నది, ఎట్ల ఇడుస్తం? నేను అన్న, మేజర్ సాబ్, ఇతను ఒట్టి టాటర్‌డిమేలియన్. అంటె బట్టకు గతిలేక ఏది దొరికితె అది చుట్టుకునేటోడు. ఆ మాట ఇన్నడో లేదో మేజరు కండ్లల్ల నీళ్లు తిరిగినయి. దస్తీ తీసి, ఇంత గొప్ప మాట తగిలే మనిషిని మేము గోదాముల పెట్టినమా అన్నడు.

"గప్పుడు పక్కకు ఒక ట్యాంకు మోగుతున్నది, డబడబడబ. మేజరు మాట నాకు ఇనవడ్తలేదు. దాని దిక్కు తిరిగి ఒబ్‌స్ట్రెపరస్ అన్న. అంటె లొల్లి పెట్టేదానా అని. ఏమైందో ఎర్కేనా? ఆగిపోయింది. డ్రైవరు ఆపలె, ట్యాంకే ఆగింది. దాని ఎనకది ఆగింది, దాని ఎనకది ఆగింది. బోయిన్‌పల్లి నుంచి పటాన్‌చెరు దాంక ట్యాంకులన్ని కిమ్మనకుంట నిలవడ్డయి. కూరగాయలోళ్లు వచ్చి వాటి నీడకు గంపలు దింపుకున్నరు."

జీవరాజు అయ్యగారు దగ్గారు. సాక్ష్యమంటే దేవుని సన్నిధిలో చెప్పే మాటని మెల్లగా గుర్తుచేశారు.

"అందుకే అయ్యగారూ, తక్కువ చేసి చెప్తున్న" అన్నాడు జకర్యా. "గప్పాలు కొట్టేటోళ్లంటె నాకు అస్సలు పడది. దానికి ఇంగ్లీషుల రొడొమాంటేడ్ అంటరు. ఆ మాట నేర్చుకున్న దినం వాడుదామంటె నాకు లష్కర్ల గసుంటి మనిషి ఒక్కడు దొరకలె."

ప్రేమమణి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఇగ జవాన్లు వరుస గట్టిన్రు. సాబ్, నాకొక మాట, సాబ్, నాకొక మాట. పంచిన. మాట అడిగినోన్ని ఒట్టి చేతులతోని పంపొద్దు. పంజాబాయన ఒకడు, నాకు బిడ్డ పుట్టింది, మంచి పేరు చెప్పుండ్రి అన్నడు. ఇయ్యాల పంజాబ్‌ల పుల్క్రిట్యూడ్ కౌర్ అని ఒక పిల్ల పాకుతున్నది, పోయి చూసుకోండ్రి.

"ఇగో, అసలు కత గిప్పుడు. నేను ట్యాంకును అన్న మాట వైర్‌లెస్‌ల పడ్డది. అది చాలూ ఉన్నదని నాకేమెర్క? ఢిల్లీ దాంక పోయింది. ఢిల్లీల దఫ్తర్లన్ని పని బంద్ పెట్టి మీనింగు దేవులాడిన్రు. దొరకలె. లండన్‌కు తార్ కొట్టిన్రు. డిక్షనరీ రాసేటోళ్లు నెత్తులు పట్టుకున్నరు. గీ మాట మా తాన లేదు, లష్కర్ల జకర్యా గారని ఒకాయన ఉన్నరట, ఆయన్నే అడుగుండ్రి అని జవాబొచ్చింది."

"ఆగు" అంది రోసమ్మ. "నువ్వు నేర్చుకున్నదే వాళ్ల డిక్షనరీల గదా. వాళ్ల తాన ఎట్ల లేదు?"

జకర్యా ఏమాత్రం తడుముకోలేదు. "చెదలు లండన్ల ఉండవా పెద్దమ్మా? వాళ్ల దాంట్ల ముందు సగం మిగిలింది, నా దాంట్ల ఎనక సగం."

పిల్లలు పకపకా నవ్వారు. ఒక్క స్తోత్రం కూడా రాలేదు. జకర్యా దాన్ని పట్టించుకునే దశ దాటిపోయాడు.

"గప్పుడే పైనికెల్లి ఒక విమానం పోతున్నది. పైలటు చెవుల సుత ఆ మాట పడ్డది. మీనింగు తెల్వక పరేషానైండు. తెలుసుకోకుంట పోతె మనసున పట్టదని విమానాన్ని ఆడికాడనే ఆపిండు."

"ఆకాశంలనా?"

"ఆకాశంలనే. గోదాము మీద, పతంగి లెక్క."

"ఆగితె కింద పడదారా?"

"పడేదే. నేను జల్దీ దస్తీ ఊపుకుంట మీనింగు చెప్పిన. సమజైనట్టు రెక్కలాడిచ్చి ఎల్లిపోయిండు. ఇగ మేజరు నా చెయ్యి ఇడుస్తలేడు. హైదరాబాద్ రాజ్యమంతటికి ఇంగ్లీషుకు మిమ్ముల పెద్దను చేస్తం, బంగ్లా ఇస్తం, ఉండుండ్రి అన్నడు. ఇంట్ల ప్రేమమణి అన్నం వండింది, సల్లారుతది అన్న. తాళం తీసిన్రు. బ్యాండు వాయించుకుంట, భద్రయ్యను ట్యాంకు మీద కూసోవెట్టి, ఫౌజుకని తెచ్చిన బంతిపూల దండ అతని మెడల్నే వేసి, సీతాఫల్‌మండి దాంక దింపి పోయిన్రు. గట్ల నేను భద్రయ్యను బయటికి తెచ్చిన. కాదు కాదు, దేవుడు నాతోని తెప్పిచ్చిండు. మహిమ ఆయనకే."

"ట్యాంకులన్ని ఆగిపోయినయంటివి గదా" అంది రోసమ్మ.

"నేను మళ్ల చాలూ చేసిన."

"ఏ మాటతోని?"

జకర్యా నోరు తెరిచాడు. ఎమ్ నుంచి వెతుకుతున్నాడని చూసేవాళ్లకు తెలిసిపోతోంది. అంత పొడవాటి దారి మధ్యలో ఆయన్ను వదిలేసి రోసమ్మ మెట్టు వైపు తిరిగింది. ట్యాంకు మీద ఊరేగినవాడివి నువ్వే కదా, నువ్వైనా చెప్పు అని భద్రయ్యను అడిగింది.

ఏడాదిగా ఈ కథ ఎన్నిసార్లు విన్నా భద్రయ్య కాదనలేదు. మొదట్లో హవల్దారు దాకానే ఉన్న కథలోకి మేజరు వచ్చినప్పుడూ తల ఊపాడు, లండన్ వచ్చినప్పుడూ ఊపాడు. ఈసారి ఎల్లమ్మ మోచేత్తో పొడిచింది. ఇంకెన్నాళ్లు ఊరుకుంటవు, చెప్పు అంది. భద్రయ్య భుజం మీది తువ్వాల తీసి చేతిలో పట్టుకుని లేచాడు. తాను సంఘస్తుడిని కాదని, ఈ రివాజు తనకు తెలియదని, అయినా చెప్పొచ్చా అని అయ్యగారిని అడిగాడు. చెప్పమన్నారు అయ్యగారు.

"సంత్రీ సెల్యూట్ కొట్టలె" అన్నాడు భద్రయ్య. "నేను గోదాము కిటికీలకెల్లి చూసిన. అన్న పొడుగు మాట ఒకటి అన్నడు. సంత్రీకి సమజ్ కాలె, ఇంటికి పో అని చెయ్యి ఊపిండు. అన్న పోలె. ఇంకో మాట అన్నడు. వాడు రెక్క పట్టి సడక్ దాంక నూకిండు. అన్న కోటు దులుపుకొని మళ్లొచ్చి ఇంకో మాట అన్నడు. వాడు తిక్క లేసి తాళం తీసి, మెడ పట్టి లోపలికే తోలిండు. మేజరు లేడు, బ్యాండు లేదు. ఇంగ్లీషు మాట్లాడవట్టి అన్న సుత గోదాములనే పడ్డడు."

వరండా పగలబడి నవ్వింది. అయ్యగారు కూడా నవ్వు ఆపుకోలేకపోయారు. జకర్యా నవ్వబోయి, నవ్వు సగంలోనే ఆగిపోయి, కూర్చోవడానికి చోటు కోసం చుట్టూ చూశాడు.

"జెర నవ్వకుండ్రి" అన్నాడు భద్రయ్య. "నా మాట ఇంక పూర్తి కాలె. లోపల మస్తు మందిమి ఉంటిమి. నా ఒంటి మీద ఆ ఖాకీ చూసి ఒక్కడు సుత నా పక్కకు కూసోలె. వాళ్లనేమన, వాళ్ల భయం వాళ్లది. మూలకు ఒక్కన్నే కూసొని, ఎల్లమ్మ మొకం మళ్ల చూస్తనా అనుకుంటున్న. అన్న వచ్చి అంతమందిల నన్ను దేవులాడి నా పక్కకు కూసున్నడు. ఆ అంగీ నాతోని ఇప్పిచ్చి, తన కోటు నాకు తొడిగిండు. అంగీని మడిచి కిందేసుకొని దాని మీద కూసున్నడు, ఒట్టి బనీను మీద. వణుకుతున్నడు. నాకంటె ఎక్కువ వణుకుతున్నడు. వణుక్కుంటనే ఎమ్ కాడ షురూ చేసిండు. ఒక మాట చెప్పుడు, అర్థం చెప్పుడు, నాతోని అనిపిచ్చుడు. నాకు ఒక్కటి సుత పట్టలె. కని ఆయన చెప్తున్నంత సేపు నాకు చావు యాదికి రాలె."

ఇప్పుడు ఎవరూ నవ్వడం లేదు. ప్రేమమణి మొగుడి వైపు చూస్తోంది. ఆయన నేల చూస్తున్నాడు. ఆ రోజు కోటు ఎలా నలిగిందని ఆమె అడిగితే ట్యాంకు ఎక్కినప్పుడు నలిగిందని చెప్పాడు.

"తెల్లారినంక ఆఫీసరొచ్చిండు. మద్రాసు దిక్కాయన, తెలుగొచ్చు. ఖాకీ అంగీవోడేడి అన్నడు. అంగీ దొరికితె ఇద్దరం పోతుంటిమి. లోపలున్నోళ్లు ఒక్కరు నోరిప్పలె, వాళ్లకు సుత నా దండం. ఆఫీసరు అన్నను లెవ్వమన్నడు. కాలు పట్టేసింది సార్, లెవ్వరాదు అన్నడు అన్న. ఆఫీసరు నా దిక్కు చూపిచ్చి, ఈయన నీకేమైతడు అన్నడు. అన్న నోట్లె ఒక్క ఇంగ్లీషు మాట లేదు. తెలుగుల అన్నడు, మా ఇంటి మనిషి సార్ అని. ఆఫీసరు మా ఇద్దర్ని చాన సేపు చూసిండు. ఇండ్లకు పోండ్రి అని అవతలికి పోయిండు. గప్పుడు లేచినం."

రోసమ్మ కళ్లు తుడుచుకుంది. ఇంత ముచ్చట కడుపులో పెట్టుకుని ఆ విమానాల గొడవంతా ఎందుకురా అని జకర్యాను కోప్పడింది. జకర్యా చాప మీద కూలబడి, ఎవరూ చూడకుండా ప్రేమమణి కొంగుతోనే ముఖం తుడుచుకున్నాడు.

భద్రయ్య రెండు చేతులూ జోడించాడు, అయ్యగారి వైపు కాదు, చాప వైపు.

"ఏడాది సంది నన్ను బయటికి తెచ్చిన అని చెప్తున్నవు అన్నా. బయటికి పంపింది ఆఫీసరు, ఆయన సల్లగుండాలె. కని నేను దినాం పొద్దుగాల దండం పెట్టేది దానికి కాదు. అందరు బయటికి పోదామని చూసే కాడికి, నా కోసమని లోపలికొచ్చినోనివి నువ్వొక్కనివే."